మంచినీళ్ళు తగిలిన తోలు

“ఎవులు పోసేరీ నీల్లు?”

అనూరాధ ఆ మాట అడగడం అది మూడోసారి. మొదటిసారి తనలో తను అనుకున్నట్టు అడిగింది. రెండోసారి వంటింట్లోకి వినబడేలా అడిగింది. మూడోసారికి పక్కింటి పాపాయమ్మ గోడ మీంచి తల పెట్టింది కాబట్టి ఇక జాలారిపేటంతా విన్నట్టే లెక్క.

పెరట్లో రేకుల షెడ్డు కింద తొట్టి మూత ఆమే ఇప్పుడు తీసింది. నిన్న సాయంత్రం ఉప్పూ యాసిడ్డూ కలిపిన నీళ్ళలో నానేసినప్పుడు ఆ బొంత చేప తోళ్ళు పల్చగా, ఒద్దికగా ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఒక్కొక్కటీ నానిన సగ్గుబియ్యంలా ఉబ్బిపోయింది. నొక్కితే వేలు దిగిపోతోంది. పైకి తీస్తే జారిపోతోంది.

“ఓలమ్మ, ఇదేటే అనూ! నిన్న నాను సూసినప్పుడు కాయితంలాగున్నాయి గదా?” అంటూ పాపాయమ్మ గోడ దాటి వచ్చేసింది. ఆ షెడ్డులో ఆమెకీ సగం వాటా ఉంది. ఫ్యాక్టరీల వాళ్ళు కండ కోసుకుని పారేసే చేప చర్మాన్ని పర్సులకీ బెల్టులకీ పనికొచ్చే తోలుగా మార్చడం ఇద్దరూ ఒకే శిక్షణలో నేర్చుకున్నారు. అనూరాధ పాఠం కోసం వెళ్ళింది, పాపాయమ్మ అక్కడ మధ్యాహ్నం పెట్టే సాంబారన్నం కోసం వెళ్ళింది. నేర్చుకోవడం మాత్రం ఇద్దరూ నేర్చుకున్నారు.

“మంచినీల్లు తగిలినాయి ఒదినా. ఉప్పు పల్చబడిపోనాది. ఉప్పు సాలకుండా యాసిడ్డులో ఉంటే తోలు ఇలగే ఉబ్బుతాది.”

“రాత్రి ఒర్సం పడ్డాదేమో?”

“రేకు కింద ఒర్సమేటి? మూత ఎవులో తీసి, నీల్లు పోసి, మల్లీ మూత పెట్టేరు.”

రేపు పొద్దున్న కొనేవాడు వస్తాడు. ఈ తోళ్ళే అతనికి చూపించాల్సిన మొదటి నమూనా. రేపు పొద్దున్నే గుజరాత్ బోట్ల మీద పనికి పేట కుర్రాళ్ళని తీసుకెళ్ళే రైలు కూడా ఉంది. ఎక్కితే ఎనిమిది నెలలు వెరావల్‌లోనే. పోయినేడు వెళ్ళినవాళ్ళలో ఇద్దరి సంగతి ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

“ఈ తోల్లు నిలబడితే నాను ఎల్లను” అని మొగుడు సింహాద్రి ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి మాటిచ్చాడు. నిలబడకపోతే ఏమిటన్నది మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోతే జరగదని ఒక నమ్మకం.

“పొద్దున్నే ఏటే ఆ కేకలు? సంద్రం మీదున్నోలకి కూడా ఇనబడతన్నాయి” అంటూ అత్తగారు గురువమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. చేతికి పిండి ఉంది.

“అత్తా, తొట్టిలో నీల్లు నువ్వు పోసేవా?”

గురువమ్మ తొట్టి వైపు చూసింది. అరుగు మీది బిందెల వైపు చూసింది. ఎందుకో వీధి గుమ్మం వైపు కూడా చూసింది. తరవాత చేతులు కొంగుకి తుడుచుకుంది.

“పోసేను” అంది.

అనూరాధ ఈ జవాబు అనుకోలేదు. ‘నానెందుకు పోస్తానే’ అంటుందనుకుంది. దానికి తగ్గ జవాబు కూడా నాలుక మీద సిద్ధంగా పెట్టుకుంది. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ గురువమ్మ తను చేసిన పనిని కూడా చేశానని ఒప్పుకున్న పాపాన పోలేదు. పులుసులో ఉప్పెక్కువైతే అది చేప తప్పనే మనిషి.

“ఎందుకత్తా?”

“కంపు. కంపు కొడతంటే కడిగేద్దామని పోసేను. సేపని కడగరేటి? నా పుట్టుకంతా సేపల్నే కడిగేను. ఇదివరకు ఎవులూ నన్నడగనేదు.”

“అది సేప కాదు గదా!”

“మరేటి?”

పాపాయమ్మ కిసుక్కున నవ్వబోయి ఆపుకుంది. నిజానికి ఆ ప్రశ్నకి పేటలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ జవాబు కోసమే ఈ మధ్యాహ్నం కులపెద్ద పోలిరాజు ఇంటికొస్తానని కబురు పెట్టాడు.

“నీ కొడుకు ఎల్లిపోతాడత్తా!” అనూరాధ అరిచింది. “ఇవి పోతే రేపీపాటికి రైల్లో ఉంటాడు. తెలిసే పోసేవా? నా మీద కోపముంటే నన్ను నాలుగు తిట్టు, నీ కొడుకునెందుకు దూరం సేసుకుంటన్నావు?”

గురువమ్మ బదులు తిట్టలేదు. అదీ కొత్తే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి జారకముందే లోపలికెళ్ళిపోయింది.

“కత్తి మెత్తన, అత్త మంచి ఉంటాదేటే” అంది పాపాయమ్మ ఓదార్పుగా. అనూరాధకి ఆ సామెత ఈ పూట సరిపోయినట్టనిపించలేదు. కొడుకు వెరావల్ పేరెత్తితే రెండు పూటలు అన్నం మానేసిన మనిషి, కొడుకుని ఆపే పనిని చేజేతులా ఎందుకు పాడు చేస్తుంది?

ఆలోచించే వ్యవధి లేదు. తోలు ఉబ్బిపోతే వెంటనే మళ్ళీ ఉప్పు పట్టించాలని శిక్షణలో చెప్పారు. వాపు దిగితే దిగుతుంది. దిగకపోతే పారబొయ్యడమే.

“ఒదినా, ఉప్పెంతుంది?”

“నిన్ననే అయిపోనాది గదే.”

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. కొట్టు తెరవడానికి ఇంకా టైముంది. ఇంట్లో ఉప్పు లేక కాదు. గురువమ్మ మంచం కింద ఎండుచేపల కోసం దాచుకున్న బస్తా ఉంది. దాన్ని అడగడానికి అనూరాధకి మనసు రాలేదు.

లోపల్నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. గురువమ్మ ఆ బస్తాని గుమ్మం దాటించి, షెడ్డు దాకా లాక్కొచ్చి, తొట్టి పక్కన పడేసింది. ఆయాసపడుతూ నడుం మీద చెయ్యేసుకుంది.

“పొయ్యి” అంది.

పాడు చేసిందీ ఈమే, బాగు చెయ్యమంటోందీ ఈమే. అనూరాధకి తల తిరిగినంత పనైంది. రబ్బరు తొడుగులు వేసుకుని, సగం నీళ్ళు తోడేసి, ఉప్పు దోసిళ్ళతో పోసింది. పాపాయమ్మ విరిగిన తెడ్డు పట్టుకుని కలపడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఆ తెడ్డు సింహాద్రి తెప్పది.

సింహాద్రి మాత్రం ఇంట్లో లేడు. చీకటితోనే ఒడ్డుకి వెళ్ళిపోయాడని గురువమ్మ చెప్పింది. వేట లేని రోజున అంత పెందరాళే ఒడ్డున ఏం పనో ఆమె చెప్పలేదు, కోడలూ అడగలేదు.

* * *

పోలిరాజు గురువమ్మకి పెద్దన్న. పేటలో తగువులు తీర్చే మనిషి. తీర్చిన తగువులకంటే రేపటికి వాయిదా వేసినవే ఎక్కువని కిట్టనివాళ్ళంటారు, అయినా ఆయన రాకుండా ఏదీ తేలదు. గుమ్మం బయట కిర్రుచెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, ముందు మంచినీళ్ళడిగాడు.

బిందెలో అడుగున ఉన్న నీళ్ళు గ్లాసు నిండలేదు. గురువమ్మ తడబడుతూ పక్కింటికెళ్ళి పట్టుకొచ్చింది.

“ఏటి గురువమ్మా, నీ కోడలు తోలుపని పెట్టిందంట?”

“సేప తోలన్నా.”

“అదే నానడుగుతన్నాను. సేపా, తోలా? సేపయితే మన పని. తోలయితే మన పని కాదు. మన తాతల కాలంనించీ ముట్టుకోనేదు.”

తొట్టి దగ్గర్నుంచే అనూరాధ అంది. “పెదమావా, నీ కాల్లకి తొడుక్కుని వొచ్చినవేటి?”

“సెప్పులు.”

“దేంతో సేసినవి?”

“నాను సెయ్యనేదమ్మా, కొనుక్కున్నాను” అన్నాడు పోలిరాజు. ఆ తేడా ఆయనకి చాలా పెద్దదిగా కనబడింది.

“అయితే కొనీటోలకి అంటదు, సేసీటోలకే అంటుకుంటాది గావాల” అంది పాపాయమ్మ తెడ్డు ఆపకుండా. “బాగుంది నాయం.”

పోలిరాజు ఆ మాట వినబడనట్టు లేచి వచ్చి తొట్టిలోకి తొంగిచూశాడు. ముక్కు మూసుకున్నాడు. అంతలోనే ఆయన మొహం విప్పారింది.

“ఇయ్యి పాడైపోయినట్టున్నాయే! ఇంకేటి, గొడవే నేదు. పాడైపోతే అది కుల్లిన సేపే. సేపయితే తగువు నేదు. పాడవకపోతేనే తోలు. తోలయితే పెద్దలు కూకోవాల.”

“అంటే పాడైపోతే మంచిదంటావా పెదమావా?”

“నానలగన్నానేటి?”

“అలగే అన్నావు.”

పోలిరాజు తను ఏమన్నాడో ఒకసారి లోపల్లోపల చెప్పుకుని చూసుకున్నాడు. అన్నట్టే ఉంది. “మరి తోలో కాదో ఎప్పుడు తేలతాది?” అన్నాడు మాట మారుస్తూ.

“సాయంత్రం. ముక్క కోసి ఉడకబెట్టి సూత్తాం.”

“ఉడకబెడతారా?” పెద్దమనిషి పూర్తిగా అయోమయంలో పడిపోయాడు. “ఉడకబెడితే అది సేపే గదే!”

షెడ్డులో ఆ పూట మొదటిసారి ఎవరో నవ్వారు. నవ్వింది పాపాయమ్మే. అనూరాధకి మాత్రం నవ్వు రాలేదు. ఉప్పు పోశాక తోళ్ళు కాస్త తగ్గినట్టే ఉన్నాయి, అది నిజమో తన ఆశో తెలియడం లేదు.

“ఇంతకీ నీల్లు నువ్వే పోసేవంట?” అని పోలిరాజు చెల్లెల్ని అడిగాడు. “పెద్దముండవి, నీకా బుద్ధి ఏటే? ఇంటి కోడలు సేసుకున్న పని.”

అన్న చేత మాట పడటం గురువమ్మకి కష్టంగా ఉంది. “రెండు బిందెలన్నా. అంతే. ఉత్త సంద్రం నీల్లే. ఇసక మీదకెల్లి ముంచుకొచ్చి పోసేను” అంది.

తెడ్డు పాపాయమ్మ చేతిలోంచి అందుకోబోయిన అనూరాధ చెయ్యి అలాగే ఆగిపోయింది.

సముద్రం నీళ్ళా? ఉప్పునీళ్ళు పోస్తే తోళ్ళు ఈ లెక్కన ఉబ్బవు. ఇది కుళాయి నీళ్ళ పనే. అరుగు మీద రెండు బిందెలు ఖాళీగా ఉండటం పొద్దున్నే చూసింది. అత్త తలంటుకుందేమో అనుకుంది. తల చూస్తే పొడిగానే ఉంది.

ఈ పేటలో కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినప్పుడు ఆడవాళ్ళు జుట్లు పట్టుకుని మరీ పట్టుకుంటారు. పొరపాటున ఒలకబోసిన పిల్లకి వీపు చిట్లుతుంది. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, కుళాయి నీళ్ళతో చేపలు కడిగే ఆడది జాలారిపేటలో ఇంకా పుట్టలేదు. గురువమ్మైతే చచ్చినా ఆ పని చెయ్యదు. ఆ నీళ్ళు పోసింది ఎవరో, జన్మలో ఒక్కసారి కూడా కుళాయి లైన్లో నిలబడని మనిషి అయ్యుండాలి.

ఇంట్లో అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఉంటే బాగుండుననిపించింది. మంచినీళ్ళు తగిలితే తోలు పాడవుతుందన్న మాట ఆమె ఇంట్లో ఒక్కడికే చెప్పింది, అన్నం పెడుతూ, పాఠం అప్పజెప్పినట్టు. “అయితే నీ తోల్లు కూడా మనలాంటియ్యే, ఉప్పు నేకపోతే బతకవన్నమాట” అని నవ్వాడు సింహాద్రి.

ఛ, ఏం ఆలోచన ఇది, అనుకుంది. మాటిచ్చిన మనిషి. నెత్తి మీద చెయ్యి పెట్టిన మనిషి. పైకి తేలుతున్న తోలుని తెడ్డుతో అదిమినట్టు ఆ ఆలోచనని కిందికి అదిమేసింది.

అప్పుడే సింహాద్రి వచ్చాడు. కాళ్ళకి ఇసుక, మొహం వాడిపోయి ఉంది.

“ఏరా అల్లుడూ, రేపు ఎల్తన్నావా, ఉంటన్నావా?” అన్నాడు పోలిరాజు.

“దాని తోల్లు సెప్పాల మావయ్యా” అన్నాడు. షెడ్డు గుంజ దగ్గరే నిలబడిపోయాడు, తొట్టి దాకా రాలేదు. “పోనాయా?” అని అడిగాడు పెళ్ళాన్ని.

ఏమైందని అడగలేదు. ఎవరు పోశారనీ అడగలేదు.

“తెల్దు” అంది అనూరాధ.

* * *

ఎండ వాలేసరికి తోళ్ళు దిగాయి. అన్నీ ఒకేలా కాదు. అడుగున ఉన్న కొన్ని మెత్తగానే ఉండిపోయాయి, వాటిని వేరు చేసి పక్కన పడేశారు. మిగతావి మళ్ళీ పల్చబడి, వేళ్ళ మధ్య నిలబడ్డాయి. అప్పుడు పచ్చి చర్మాన్ని తోలుగా మార్చే క్రోం పొడి కలిపారు. పచ్చటి పొడి, కరిగితే నీళ్ళు చిక్కటి ఆకురసంలా అయ్యాయి. ఇద్దరాడవాళ్ళూ వంతులేసుకుని తెడ్డేస్తూనే ఉన్నారు. తెల్లటి తోలుకి నెమ్మదిగా నీలం పట్టింది. అంచు కోసి చూస్తే లోపల మధ్యలో కూడా ఆ నీలం చేరింది. అది బయటికి వచ్చెయ్యకుండా తోల్లో పట్టుకోవాలంటే వంటసోడా కలిపిన నీళ్ళు కొంచెం కొంచెంగా పొయ్యాలి. ఒక్కసారిగా గుమ్మరిస్తే మొదటికే మోసం.

ఇక ఉడకబెట్టి చూడటం ఒక్కటే మిగిలింది. తోలుగా మారకపోతే మరిగే నీళ్ళలో ముక్క ముడుచుకుపోతుంది. మారితే కోసిన కొలతకి కోసినట్టే ఉంటుంది.

“నా పొయ్యి మీద పెడదాం రా” అంది పాపాయమ్మ.

“ఈ ఇంట్లో పొయ్యి నేదేటి?” అని గురువమ్మ తన టీగిన్నె తెచ్చి, నీళ్ళు పోసి, తనే కిరసనాయిలు స్టవ్వు వెలిగించింది. మధ్యాహ్నం పెద్దాయన మాటలకి తలొంచుకున్న మనిషి, ఇప్పుడు గిన్నె దగ్గర అందరికంటే ముందు కూర్చుంది. పోలిరాజు ఇంటికెళ్ళినవాడు మళ్ళీ కబురు చేశాడట, ఏ సంగతీ చెప్పమని.

నీళ్ళు మరిగాయి. అనూరాధ చిన్న ముక్క కోసి వేసింది.

ముక్క ఒక్క క్షణం తేలింది. తరవాత అంచులు లోపలికి తిరిగాయి.

“అయ్యో!” అంది పాపాయమ్మ. కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. గురువమ్మ కళ్ళు మూసుకుని ఎవరికో దణ్ణం పెట్టింది.

అనూరాధ ముక్కని చూడటం లేదు. తలెత్తి మొగుణ్ణి చూసింది. అలా చూడాలని అనుకోలేదు, చూపు పోయింది. గుంజకి ఆనుకుని నిలబడ్డ సింహాద్రి గట్టిగా ఊపిరి వదిలాడు. బిగబట్టిన భుజాలు దిగాయి. మోకు విప్పిన పడవలా తేలికయ్యాడు మనిషి. ఒక్క క్షణమే. ఆమె చూస్తోందని తెలిసి తల తిప్పుకున్నాడు.

ఆ క్షణంలో అనూరాధకి పొద్దుటినుంచీ కుదరనివన్నీ కుదిరిపోయాయి. కుదిరాక ఇంకా అయోమయంగా ఉంది.

“ఏడుపు తరవాత. ఇంకో గుక్కెడు సోడా పొయ్యి ఒదినా” అంది. “అప్పుడే తొందరపడ్డాం. ఇంకాస్సేపు తిప్పాల.”

తిప్పారు. సింహాద్రి బీడీ వెలిగించి, కాల్చకుండానే పారేశాడు. కొండ నీడ పేట మీదకి వచ్చాక అనూరాధ ఇంకో ముక్క కోసి మరిగే నీళ్ళలో వేసింది.

ముక్క మునిగింది. పైకి తేలింది. నీళ్ళు కుతకుతలాడుతుంటే అటూ ఇటూ ఊగింది. ముడుచుకోలేదు. గరిటెతో తీసి నేల మీద పెట్టి, ఇందాకటి కొలతతో సరిచూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. రెండో తోలు ముక్క, మూడోది. అవీ అంతే.

“నిలబడ్డాయే!” పాపాయమ్మ లేచి గెంతింది. “నిలబడ్డాయే తల్లీ! పెద్దాయనకి సెప్పొస్తానుండు. రెండు సెప్పులూ నెత్తి మీదెట్టుకుని రమ్మంటాను!” గోడ సంగతి మరిచిపోయి వీధిలోంచే పరుగెత్తింది. ఆమె కేకలు ఆ సందు చివరిదాకా వినబడుతూనే ఉన్నాయి.

పెరట్లో ముగ్గురు మిగిలారు. స్టవ్వు చప్పుడు ఒక్కటే ఉంది.

“మంచినీల్లు నువ్వే పోసేవు గదా మావా?”

సింహాద్రి నేల వైపే చూస్తున్నాడు.

“ఒలే, నాను పోసేనని సెప్పేను గదా...” అని గురువమ్మ అందుకోబోయింది.

“నువ్వూరుకో అమ్మా.” అన్నాడు సింహాద్రి. “నానే పోసేను.”

“పాడైపోతాయని తెలిసేనా?”

“తెలిసే.”

అనూరాధ తొడుగులు విప్పింది. వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి. కోపం రావాలి. వస్తే తేలిగ్గా ఉండేది. కోపం మాత్రం రావడం లేదు.

“నీకు ఎల్లాలనుంటే ఎల్తానని సెప్పొచ్చు గదా? నోరు నేదా?”

“సెప్తే ఏడుస్తావని.” సింహాద్రి గుంజ వదిలి ఒకడుగు ముందుకేశాడు, ఆగాడు. “మాటిచ్చినప్పుడు నిజంగానే ఇచ్చేనే. ఒట్టు. కానీ నా ఈడోలంతా ఎల్తన్నారు. నాను ఒడ్డునుండి ఏటి సెయ్యాల? షెడ్డులో తెడ్డెయ్యాల. ‘సింహాద్రిని పెల్లాం బతికిస్తంది’ అని ఇప్పుడే అంటన్నారు, నీకు తెల్దు. తోల్లు పోతే నువ్వే ఎల్లమంటావనుకున్నాను. అప్పుడు నీ నోటితో పంపించినట్టుంటాది. నాను మాట తప్పినట్టుండదు.”

“అందుకని నా సేతిలోది నేలపాలు సేస్తావా?”

“తెల్లారగట్ల నిన్ను లేపి సెప్పేద్దామనే లేచేను. నువ్వు అలిసిపోయి పడుకున్నావు. ఇలగొచ్చేను. బిందె కనబడ్డాది. ఎందుకు సేసేనో నాకే తెల్దే. రెండో బిందె పోసేక ఏడుపొచ్చింది. ఒడ్డుకెల్లి కూకున్నాను.”

అనూరాధ అత్త వైపు తిరిగింది. “నువ్వు సూసేవు. సూసి నీ మీద ఏసుకున్నావు.”

“మరేటి సెయ్యమంటావు?” గురువమ్మ స్టవ్వు ఆర్పేసింది. “అత్త మీద కోపం నాలుగు దినాల్లో పోతాది. మొగుడి మీద మనసిరిగితే అతకదు. ఎలాగూ నాకు మంచి పేరు నేదు. నిండా మునిగినదాన్ని, నాకు సలేటే?”

అనూరాధకి అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరి కోసమో తెలియని ఏడుపు. అత్తని పొద్దున్న అన్న మాటలు గుర్తొచ్చాయి. ఆ ముసలి చేతులు బస్తా ఈడ్చుకు రావడం గుర్తొచ్చింది.

“సరే, అయిందేదో అయ్యింది” అన్నాడు సింహాద్రి. “తోల్లు నిలబడ్డాయి. మాట పెకారం నానుండాల.”

ఉండాలన్నాడు. ఉంటానని అనలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. ఈ మనిషిని ఆపడం కోసం ఎన్ని రోజులు సున్నంలో, యాసిడ్డులో చేతులు పెట్టింది! తీరా ఆగితే ఆగేది ఈ మొహమేనా?

“నీ మాట నీకు తిరిగిచ్చేత్తన్నాను మావా. రేపు బండెక్కు.”

సింహాద్రి తలెత్తాడు. వెళ్ళడం కోసం తెల్లవారుజామున దొంగలా బిందెలు గుమ్మరించిన మనిషి, వెళ్ళమనగానే షెడ్డు గుంజ పక్కన కూలబడిపోయాడు.

“నిజంగానే అంటన్నావా అనూ?” అన్నాడు. “నాను... నన్ను ఒద్దనుకుంటన్నావా?”

సందులో అలికిడైంది. పాపాయమ్మ గొంతు, దాని వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళ గొంతులు, వాటన్నిటి వెనక పోలిరాజు కిర్రుచెప్పుల చప్పుడు. “సింహాద్రి ఎల్లడు, ఇంకేటి, ఎల్లడు!” అని పాపాయమ్మ ఎవరికో చాటుతోంది.

గురువమ్మ కోడలి దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమె కోడలి చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

“అదిగో వొచ్చేస్తన్నారు. ఇప్పుడు అడుగుతారే. ఏటి సెప్పమంటావు? ఎల్తాడా, ఉంటాడా? నీకేటి గావాల?”

అనూరాధ మొగుడి వైపు చూసింది. అతను ఆమె నోటి వైపే చూస్తున్నాడు.

“నాకు తెల్దత్తా” అంది.

వీధి తలుపు తోసుకుని పాపాయమ్మ లోపలికి వచ్చేసింది.